చిలుకరంగు పోలెలు

సాయంత్రం అయిదు గంటల అయిదు నిమిషాలకు అంతయ్య చాయ్ గిన్నెలో రెండో చెంబు పాలు పోసి, పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. 1958వ సంవత్సరం, కాముని పున్నమి పోయిన మూడో నాడు. సిరిసిల్లలో బస్సులు ఆగే చోటుకు ఎదురుగా, తాటికమ్మల పందిరి కింద ఉంటుంది అంతయ్య హోటల్. రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక నీళ్ళ గోళెం. పొద్దుటి నుంచి మగ్గం గుంతల్లో కాళ్ళు పెట్టుకొని నేసిన సాలోళ్ళు నడుములు సాపు చేసుకోవడానికి ఆ వేళకు అక్కడికి చేరుతారు.

ఆ రోజు ఏడుగురున్నారు. వాళ్ళలో పెద్దవాడు రాయమల్లు. యాభై దాటినవాడు, వాడకట్టులో ఏ పంచాయితీ అయినా ఆయన లేకుండా జరగదు. బల్ల చివర కూర్చున్నది లక్ష్మీరాజం. వాడకట్టు మొత్తానికి నూలు ఇచ్చి బట్ట తీసుకునే సేటు దగ్గర గుమాస్తా. నేసినవాళ్ళతో కలిసి చాయ్ తాగుతాడు, జోకులకు నవ్వుతాడు, మరునాడు బట్ట కొలిచేటప్పుడు నవ్వడు. నడుమ కూర్చున్నది దశరథం.

దశరథానికి ముప్పై ఏళ్ళుంటాయి. పోయిన ఎండకాలం పెళ్ళయింది. భార్య కమల వేములవాడ పిల్ల, అదీ సాలోళ్ళ ఇల్లే. దశరథం చెయ్యి మగ్గం మీద మంచిదే, నోరు అంతకన్నా మంచిది. ఆయన చెప్పేదాంట్లో పదో వంతు నిజముంటుందని వాడకట్టు అంచనా. ఆ పదో వంతు ఏదని ఎవరూ వెతకరు. వెతికితే కథ పాడవుతుంది.

పండుగకు ముందు ఇదే బల్ల మీద ఒక పందెం లాంటిది జరిగింది. పెళ్ళయినంక వచ్చే మొదటి కాముని పున్నమికి తన భార్యకు తానే స్వయంగా పోలెలు, అంటే పూర్ణం బొబ్బట్లు, చేసి పెడతానని దశరథం అన్నాడు. మొగోడు పోలె చేసుడేందని రాయమల్లు నవ్వాడు. చేసినంక ఇక్కడే కూర్చొని చెప్తానని దశరథం ఒట్టు పెట్టుకున్నాడు. పండుగ మరునాడు పొద్దున్నే కమల తల్లిగారింటికి పోయింది. దశరథం మూడు రోజులు హోటల్ దిక్కు రాలేదు. ఇవాళ రాయమల్లే మనిషిని పంపి పిలిపించాడు.

"ఒట్టు తీరుస్తవా, మాపుకు మాకందరికి చాయ్ పోయిస్తవా?" అన్నాడు రాయమల్లు.

దశరథం కప్పు అందుకున్నాడు. వెంటనే తాగలేదు. ఊదాడు, మళ్ళీ ఊదాడు.

"గిది పెద్ద ముచ్చటేం గాదే. ఒక ఐదు పోలెలు చేసిన, అంతే. పొయ్యి కాడ కూసుంటె మీసాలు రాలిపోతయా? కాముని పండుగంటె ఏంది, మొగడు పెండ్లాల పండుగ. మీరేం జేస్తరు? ఆ కామున్ని కట్టెలేసి కాలవెట్టి, ఇంటికి వోయి, పెండ్లాం చేసిన పోలె తిని పంటరు. గా కాముడు ఎవని కోసం కాలిండు? శివునికి పార్వతి మీద మనసు పుట్టియ్యవోయి కాలిండు. ఒకని సంసారం నిలవెట్టవోయి బూడిదైండు పాపం. గసొంటి దేవుని పండుగ నాడు సుత ఆడోళ్ళతోనే పొయ్యి ఊదిస్తమా? నేనేం జేసిన, కమలను గడప కాడ పీటేసి కూసుండవెట్టిన. ఇయ్యాల ఇటు తిరిగి సూసుడు సుత లేదు, ఎన్నెల సూసుకుంట కూసో అన్న."

"కూసున్నదా?"

"కూసోక? నా మాట దాటదు."

"పొయ్యి ముట్టియ్యనీకి ఎన్ని అగ్గిపుల్లలు వట్టినయ్?" అన్నాడు ఎవరో.

"పొయ్యి ముచ్చట ఎనక వస్తది, ఆగు. ముందు పిండి. మైదపిండి. కరీంనగరం నుంచి తెప్పిచ్చిన. సేట్ల ఇండ్లల్ల సుత అసొంటిది ఉండది."

"ఏ దుకాణం?" అన్నాడు లక్ష్మీరాజం, చాయ్‌లోంచి తల ఎత్తకుండా.

"నువ్వు పోని దుకాణం."

బల్ల మీద నవ్వు లేచింది. లక్ష్మీరాజం కూడా నవ్వాడు. ఆ నవ్వు పట్టుకొని దశరథం వేగం పెంచాడు.

"జల్లెడ పనికి రాలే. నూరో నంబరు నూలుతోని నేను ఒక సెల్ల నేసి దాసిపెట్టిన, మీకెవ్వరికి సూపెట్టలే, అండ్ల జల్లిచ్చిన. పిండి ఎంత సన్నగ వచ్చిందంటె, చేతిల వట్టుకుంటె ఉన్నదో లేదో తెల్వది, గంత సన్నగ. గంతల నాకు తుమ్ము వచ్చింది. ఒక్క తుమ్ము. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పిండి లేసింది! కిటికీల కెల్లి బైటికి వోయి వాడకట్టు మీద మంచు లెక్క వడ్డది. మా పక్కింటి భూమవ్వ బర్రె ఉన్నది గద, బొగ్గు లెక్క నల్లగుంటది, అది తెల్లగైంది. భూమవ్వ చెంబు వట్టుకొని పాలు పిండవచ్చి, 'ఓ దశరథం, నా బర్రె ఏది, ఈ ఆవెవరిది' అంటది. నీదేనవ్వా అంటె ఇనది. బర్రె కోసం పక్క వాడకు దేవులాడవోయింది. ముసల్ది మల్ల వచ్చేదాక బర్రె ఆగబట్టుకొని నిలవడ్డది."

"పిండంత అట్ల లేసిపోతె పోలెలకేం మిగిలె?" అన్నాడు రాయమల్లు.

"ఏ, లేసింది చిటికెడే. సన్నపిండి గద, చిటికెడు ఊరందరికి సరిపోయింది."

అంతయ్య చాయ్ వడపోస్తూ ఒకసారి దశరథం దిక్కు చూశాడు. ఆ రోజు కథ మొదలైనప్పటి నుంచి అంతయ్య ఒక్కసారి కూడా నవ్వలేదు. పొగకు కళ్ళు మండుతున్నాయి కాబోలని ఎవరూ పట్టించుకోలేదు.

"ఇగ పూర్ణం. శనిగెపప్పు ఉడకవెట్టి, బెల్లమేసి, రోట్ల నూరిన. యాలకులు రెండే. రెండంటె రెండే, ఎక్కువెయ్యలే. గా వాసన లేసి, ఊరు దాటి, వేములాడ తొవ్వ వట్టింది. రాజన్న గుడిల కోడెలు కడ్తరు గద మొక్కులోళ్ళు? ఒక కోడె ముక్కు పైకెత్తింది. వాసన సూసింది. పలుపు తెంపుకున్నది! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కోడె ముందర, అయ్యగారు దాని ఎంబడి, మొక్కినోడు అయ్యగారి ఎంబడి. 'అయ్యా, నా మొక్కు తీరినట్టా తీరనట్టా, జెర చెప్పి ఉరుకుండ్రి' అంటడు వాడు. ఏడు మైళ్ళు ఉరికిండ్రు ముగ్గురు. నా వాకిట్లకు వచ్చి నిలవడ్డరు. కోడెకు ఇంత పూర్ణం పెట్టిన. అయ్యగారికి పెట్టిన. మొక్కినోనికి పెట్టిన. వాడు తిని, మొక్కు తీరింది అని వాడే చెప్పుకున్నడు."

"మంచిగున్నది," అన్నాడు రాయమల్లు తొడ మీద చరుచుకుంటూ. "ఇగ ఒత్తుడు చెప్పు."

"ఒత్తుడు! మీ ఆడోళ్ళు అరచెయ్యంత చేస్తరు. నేను నేతగాన్ని. నాకు గజాల లెక్క తప్ప రాదు. ఒత్తుతున్న, ఒత్తుతున్న, పల్చగైతనే ఉన్నది, పీట దాటింది, గడప దాటింది. ఇట్ల గాదని మగ్గమెక్కిచ్చిన. పిండి పడుగు, పూర్ణం పేక. ఎనిమిది గజాల పోలె! అంచుకు నెయ్యి జరీ. సూస్తె అండ్ల కెల్లి అవతలి గోడ మీది బల్లి కనవడుతున్నది. దాన్ని మడతవెట్టి గీ లక్ష్మీరాజం చేతుల పెడితె, ధోతి అని కొలిచి తీసుకోకపోవునా?"

"కొలిస్తె ఒక మూర తక్కువే వస్తుండె," అన్నాడు లక్ష్మీరాజం.

అది ఆయన మీద ఆయనే వేసుకున్న జోకు కనుక అందరూ కొంచెం ఎక్కువే నవ్వారు.

సాయంత్రం బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఎదుట ఆగింది. దిగినవాళ్ళు నలుగురో అయిదుగురో. దశరథం బస్సుకు వీపు పెట్టి కూర్చున్నాడు. తిరిగి చూడలేదు.

"ఇగ పొయ్యి అంటిరి గద. పొయ్యిల కట్టె ఏది? పండుగ నాడు మన పోరగాండ్లు కట్టెపుల్ల మిగిలిస్తరా? పిడకలు వాయె, ఇరిగిన మంచాలు వాయె, అన్ని ఎత్తుకపోయి కాముని మీదేసిండ్రు. మన రాయమల్లన్న ఇంటి తలుపు సుత వాయె."

"పాత తలుపు అది," అన్నాడు రాయమల్లు.

"పాతదో కొత్తదో, రాయమల్లన్న ఆ రాత్రి గడప మీద అడ్డం పన్నడు. నా ఇంట్ల ఈనెపుల్ల లేదు. కమల అటు కూసున్నది. పూర్ణం తయారు, పోలె తయారు, నిప్పు లేదు. ఏం జెయ్యాలె? పెనం వట్టుకొని వాకిట్లకు వచ్చిన. పున్నమి. పెనం తీస్కవోయి ఎన్నెల్ల పెట్టిన. జెరసేపు ఆగిన. నీళ్ళు సల్లి సూసిన. సుయ్యిమన్నది!"

"ఎన్నెలకా?"

"పున్నమి గదనే. అమాస నాడైతె నేను సుత నమ్మకపోదు."

చాయ్ పొలమారి ఒకతను దగ్గాడు. ఆ నవ్వుల్లోనే, బస్సు దిగినవాళ్ళలో ఒకడు రోడ్డు దాటి హోటల్ పందిరి కిందికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. భుజాన తువ్వాల, చెప్పుల్లేని కాళ్ళు, మూడు రోజుల గడ్డం. అతను హనుమండ్లు, కమల తమ్ముడు. దశరథం వెనుక, రెండు మూరల దూరంలో, పందిరి గుంజ పక్కన నిలబడ్డాడు.

ఎదుట కూర్చున్నవాళ్ళు అతన్ని చూశారు. పెళ్ళిలో చూసిన మనిషే. బామ్మర్ది వెనుక నిలబడి వింటుండగా బావ కోతలు కోయడం ఎవరికైనా వేడుకే. రాయమల్లు కళ్ళతోనే పక్కవాడికి సైగ చేశాడు. ఎవరూ దశరథానికి చెప్పలేదు.

"చెప్పు, చెప్పు," అన్నాడు రాయమల్లు. "ఎన్నెల మీద కాలినయా?"

"కాలినయా అంటవేందే? పోలె తిప్పిన. రంగు సూసిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? చిలుక రంగు! లేత చిలుక రెక్క ఎట్లుంటది, గట్ల. మీ ఇండ్లల్ల పోలెలు పసుపు రంగుంటయ్, నావి చిలుక రంగు. కాముని వాహనమేంది? చిలుక. నేనేం కావాలని చెయ్యలే, దేవుని రంగు దానంతటదే వడ్డది. గప్పుడే చౌరస్తల కాముడు అంటుకున్నడు. మంటల్ల కెల్లి కాముని చిలుక ఎగిరింది. గిర్రగిర్ర తిరిగి నా పెనం మీద వాలింది. వాలి పోలెల దిక్కు సూసి, ఇవి తన పిల్లలే అనుకొని ముక్కుతోని దువ్వవట్టింది! నేనన్న, 'అవ్వా, ఇవి నీ పిల్లలు గావు, నా పెండ్లానికి చేసిన పోలెలు.' అది నమ్మలే. ఒక్కొక్కదానికి పేరు వెట్టి పిలుస్తున్నది. ఇగ సూడు, కాముడు మంటల్ల నిలవడి కేకేసిండు. 'దశరథం! ఏడాదికోపారి కాలుత, తింటవా అని ఒక్కడు అడుగలే, ఒక పోలె ఇటు పారెయ్యి!' ఇయ్య అన్న. 'ముందు మా ఇంటామె తినాలె, మిగిలితె నీకు' అన్న. కాముడు సల్లవడ్డడు. మన వాడల మంట ఈ ఏడు జల్దిన ఎందుకారిపోయింది అనుకుంటున్నరు? గందుకే."

హనుమండ్లు కదలలేదు. చిలుక రంగు అన్న మాట దగ్గర మాత్రం అతని చెయ్యి పందిరి గుంజను పట్టుకుంది.

"మరి కమల తిన్నదా?"

దశరథం ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడంలో గొంతు మారింది. కోత తగ్గింది.

"తిన్నది. మొదటిది తిన్నది. తిని నా మొకం సూసింది. ఎట్లున్నది అన్న. మాట్లాడలే. తల ఊపింది. నేను ముంగట గొంతుకూసోని సూస్తున్న. ఇంకోటి తినుమన్న, తిన్నది." మళ్ళీ పుంజుకున్నాడు. "ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నేనొకటి అందుకుంటుంటె, పళ్ళెం గుంజుకున్నది! 'ఇవన్ని నావి, నువ్వు ముట్టద్దు' అన్నది! పళ్ళెం కొంగు కింద వెట్టుకొని బైటికే వోయింది. చేసినోనికి ఒక్క తునక లేదు. నలభై పోలెలు—"

"ఐదంటివి."

"నలభై, అన్నా! నలభై పోలెలు ఒక్కతే తిన్నది. ఇగ తెల్లారి మా బామ్మర్ది వచ్చిండు, అక్కకు చక్కెర పేరు మెడలేద్దామని. అక్క లేస్తదా? నలభై పోలెలు కడుపుల ఉన్నయ్! నేనొక రెక్క, బామ్మర్దొక రెక్క, ఇద్దరం వట్టుకొని నడిపిచ్చినం బస్సు కాడికి. ఎక్కిస్తె బస్సు ఒక దిక్కు ఒరిగింది. కండక్టరు దిగివచ్చి, 'ఈమెకు రెండు టికెట్లు తీసు—'"

హనుమండ్లు మొహం చూసి ఈసారి ఎవరూ నవ్వలేదు. అంతయ్య చేతిలో గరిట గిన్నె అంచుకు తగిలి చప్పుడైంది. ఆ పొద్దు బస్సు దగ్గర ఏం జరిగిందో ఆ బావాబామ్మర్దులు కాక చూసినవాడు అంతయ్య ఒక్కడే. హోటల్ ఎదురుగానే బస్సు ఆగుతుంది. ఇద్దరు మొగవాళ్ళు చెరో రెక్క పట్టుకొని కమలను ఎక్కించడం, ఎక్కేముందు ఆమె చక్రం పక్కన కూర్చొని వాంతి చేసుకోవడం, తమ్ముడు వేసిన చక్కెర బిళ్ళల దండ మెడలో అట్లాగే ఉండడం అంతయ్య చూశాడు. మూడు రోజులుగా ఎవరితోనూ అనలేదు, దశరథాన్నీ అడగలేదు.

దశరథం నవ్వు కోసం ఎదురుచూశాడు. రాకపోయేసరికి ఎదుటివాళ్ళ కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసి, వెనక్కి తిరిగాడు.

"బామ్మర్దీ! ఎప్పుడు వచ్చినవ్? కూసో, కూసో. అంతయ్యా, ఒక చాయ్—"

"వద్దు. బావా, రంగు ముచ్చట మల్ల చెప్పు," అన్నాడు హనుమండ్లు.

"ఏ రంగు?"

"పోలెల రంగు."

"అదా, ఏదో నగుతాలుకు చెప్పిన. కోడె వచ్చిందంటి, కాముడు మాట్లాడిండంటి. అసొంటిదే ఇది సుత."

"కోడె అబద్ధం. కాముడు అబద్ధం. నేనొక రెక్క, నువ్వొక రెక్క వట్టింది అబద్ధం గాదు గద. రంగు నిజమా, అబద్ధమా?"

దశరథం బల్ల మీది కప్పును ఇటు నుంచి అటు జరిపాడు. "పసుపు జెర ఎక్కువ వడ్డది."

"పసుపు ఎక్కువైతె పసుపు రంగే ఎక్కువైతది. నేను సుత సాలోన్నే బావా, నూలుకు రంగులద్దుత. పసుపుల ఏం కలిస్తె చిలుక రంగు వస్తది?"

బల్ల మీద ఉన్న ప్రతివాడికీ జవాబు తెలుసు. నీలం. నీలం ఆ వాడకట్టు ఇళ్ళల్లోకి ఏ రూపంలో వస్తుందో కూడా అందరికీ తెలుసు. నేసేముందు పడుగు నూలుకు గంజి పెట్టాలి. ఆ గంజికి పిండి సేటే ఇస్తాడు. ఆ ఏడు కరువు ముదిరి, శివరాత్రి నుంచి సేటు ఆ పిండిలో మైలుతుత్తం, ఆ నీలిరంగు విషం, నూరి కలిపి పంపిస్తున్నాడు. నూలుకు పురుగు పట్టకుండా అని చెప్పారు. పురుగు సంగతి నిజమే. కానీ గంజిపిండితో రొట్టెలు చేసుకోని ఇల్లు ఆ వాడకట్టులో లేదన్నదీ నిజమే. మైలుతుత్తం కలిపింది పురుగుల కోసమా, మనుషుల కోసమా అన్న ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. అడిగితే పిండి తిన్నట్టు ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఎవరూ లక్ష్మీరాజం దిక్కు చూడలేదు. లక్ష్మీరాజం ఎవరి దిక్కూ చూడలేదు.

హనుమండ్లు గొంతు పెంచలేదు. "దవాఖానల డాక్టరు మూడు దినాల నుంచి అడుగుతుండు, ఏం తిన్నది, ఏం తిన్నది అని. అక్కనడిగితె ఏం తినలే అంటది. ఆ పొద్దు నిన్నడిగిన. గాలి సోకింది అన్నవ్. మేం సుత గాలే అనుకొని తాయెత్తు కట్టినం. ఇయ్యాల పొద్దుగాల వాంతిల నెత్తురు జీర వడ్డది. డాక్టరన్నడు, ఏం తిన్నదో తెలుస్తె మందు అదే ఇస్త, తెల్వకుంటె గుడ్డిగ ఇయ్యాలె అని. అందుకే వచ్చిన. నీ కాళ్ళు మొక్కుత బావా. పిండి యాడిది?"

దశరథం తల ఎత్తి మొదట చూసింది బామ్మర్దిని కాదు, గుమాస్తాను. సేటు పిండి తిండికి వాడుకున్నవాడికి నూలు ఆగుతుంది. నూలు ఆగితే మగ్గం ఆగుతుంది. ఆ సంగతి లక్ష్మీరాజం నోటి నుంచే ఆ బల్ల మీద చాలాసార్లు విన్నారు.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. అంతయ్య దాన్ని వెనక్కి లాగాడు.

"సేటు పిండి," అన్నాడు దశరథం. "గంజిపిండి."

అంతకంటే పొట్టి మాట ఆయన నోటి నుంచి ఆ హోటల్లో ఎప్పుడూ రాలేదు.

"మైలుతుత్తం అండ్లనేనా?"

"అండ్లనే. పప్పుండె, బెల్లముండె. పిండి లేదు. యాడ దొరకలే. చేస్తనని అందరి ముందర అంటి. దీపం ఎలుగుల రంగు తెల్వలే. తెల్లారి పెనం కడుగవోతె సూసిన."

"తెల్లారి. నేను అడిగిన యాళ్ళకు నీకు ఎరుకే."

దశరథం కప్పును దూరంగా నెట్టాడు.

లక్ష్మీరాజం గొంతు సవరించుకున్నాడు. సేటు గుమాస్తాగా ఏదో ఒకటి అనక తప్పదు అన్నట్టు అన్నాడు. "పిండి తీసుకపోను కమలనే వచ్చింది. తినేది గాదు, ఇండ్ల మందు కలిపినం అని చెప్పి ఇచ్చిన. ఆమె నీకు చెప్పలేదా?"

దశరథం చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కనిపించాడు.

"చెప్పిందేమో," అన్నాడు. "అప్పుడు నేను మాట్లాడుతున్న."

రాయమల్లు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తుడవడం అయినా తువ్వాల తీయలేదు. పండుగకు ముందు పందెం కట్టింది ఆయనే. ఇవాళ మనిషిని పంపి పిలిపించిందీ ఆయనే. బామ్మర్ది వెనుక నిలబడితే పక్కవాడికి కన్నుగీటిందీ ఆయనే.

ఎదుట డ్రైవరు బస్సు ఎక్కి హారన్ కొట్టాడు. అదే బస్సు తిరిగి వేములవాడ పోతుంది. హనుమండ్లు తువ్వాల భుజాన సర్దుకొని రోడ్డు మీదికి అడుగు వేశాడు.

దశరథం లేచాడు. "నేను సుత వస్త."

హనుమండ్లు ఆగాడు. బావను కింది నుంచి పైకి చూశాడు. కొట్టేవాడిలా లేడు, అలిసినవాడిలా ఉన్నాడు.

"రా," అన్నాడు. "గని తొవ్వల మాట్లాడకు."

ఇద్దరూ రోడ్డు దాటారు. దశరథం బస్సు వెనుక మెట్టు ఎక్కి, నిలబడ్డాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోలేదు. బస్సు కదిలి, మలుపు తిరిగేదాకా అతని వీపు అద్దంలోంచి కనిపించింది.

బల్ల మీద ఆయన కప్పులో చాయ్ సగం ఉంది, మీగడ కట్టింది. అంతయ్య దాన్ని తీయలేదు. కొంతసేపటికి ఒకతను లేచి, పనున్నదని గొణిగి పోయాడు. తర్వాత ఇంకొకరు. లక్ష్మీరాజం అందరికన్నా చివర లేచాడు.

"బుక్కెడు పిండి," అన్నాడు రాయమల్లు నేల చూస్తూ. గుమాస్తాతో అన్నాడో, తనతో తాను అన్నాడో తెలియలేదు.

లక్ష్మీరాజం చెప్పులు తొడుక్కున్నాడు. "నేను ఇయ్యాల ఇటు రాలే," అని వెళ్ళిపోయాడు.

డాక్టరుకు సంగతి ఆ రాత్రే చేరింది. మందు మార్చాడు. రెండో రోజుకు నెత్తురు ఆగింది, నాలుగో రోజుకు కమల గంజి తాగింది. ఆ వారం సేటు దశరథానికి నూలు ఆపలేదు. ఎందుకు ఆపలేదని వాడకట్టులో ఎవరూ అడగలేదు. అంతయ్య హోటల్లో సాయంత్రం బల్లలు నిండుతూనే ఉన్నాయి. మాటలు వానల మీదా, నూలు ధర మీదా నడిచాయి. దశరథం మగ్గం చప్పుడు పొద్దుపోయేదాకా వినిపించేది. హోటల్ దిక్కు రాలేదు.

ఉగాదికి ముందు కమల తిరిగి వచ్చింది. ఆమె వచ్చిన మరునాడు, పక్కింటి భూమవ్వ పాలు పోయడానికి హోటల్‌కు వచ్చి, అంతయ్యతో ఒక సంగతి చెప్పింది. దశరథం కథలో తెల్లబడిన బర్రె ఆమెదే. ఆ కథ తన చెవిన పడి నవ్వుకుందట. ఆ తర్వాత ఈ సంగతి గుర్తుకొచ్చిందట.

పున్నమి రాత్రి కామునికి నిప్పు పెట్టినప్పుడు భూమవ్వ అక్కడే ఉంది. కమల గుంపులోంచి ముందుకు వచ్చి, కొంగు కింది పళ్ళెం తీసి, మంటలో పోలెలు వేసింది. మూడు. మూడూ ముట్టని పోలెలు. నైవేద్యమంటె తునక వేస్తె సాలు గద బిడ్డా, నిండు పోలెలు బూడిద చేస్తున్నవేందని భూమవ్వ మందలించింది.

"ఇంట్ల ఉంటె ఆయన తింటడవ్వా," అన్నదట కమల.